ఉద్యోగం లేనప్పుడు కారు: కొనాలా, ఉంచాలా, అమ్మాలా?

2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు రెండు శాతం మందిని, అంటే పన్నెండు వేల పైచిలుకు ఉద్యోగులను తగ్గించుకుంటామని ప్రకటించింది. ఐటీ జీతాల మీద నడిచే ఇళ్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో లక్షల్లో ఉన్నాయి. అలాంటి ఇంట్లో జీతం ఆగిందంటే ఖర్చులు ఎక్కడ తగ్గించాలన్న లెక్క ఆ రాత్రే మొదలవుతుంది. ఇంటద్దె కట్టక తప్పదు. పిల్లల ఫీజు ఆపలేరు. అమ్మానాన్నల మందులు మానలేరు. చివరికి అందరి చూపూ సెల్లారులో ఉన్న కారు మీదికి పోతుంది. అది ఖర్చా, ఆసరానా అన్నది మాత్రం అంత తొందరగా తేలదు.

ఇందులో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఉన్న కారును ఉంచుకోవాలా, అమ్మేయాలా అన్నది మొదటిది. కారు లేనివాళ్లు ఉద్యోగం వెతుక్కోవడానికే ఒకటి కొనాలా అన్నది రెండోది. ఉద్యోగం దొరక్కపోతే కారునే ఉపాధిగా మార్చుకుని క్యాబ్ తిప్పాలా అన్నది మూడోది. ఈ మూడింటినీ కలగలిపి మాట్లాడటం వల్లే ఇళ్లలో వాదనలు తెగవు. ‘కారు లేకపోతే ఇంటర్వ్యూలకెలా పోతావు’ అని ఒకరంటే, ‘జీతం లేనివాడికి కారెందుకు’ అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో విడదీసి చూడాలి.

కారుంటే ఉద్యోగం దొరుకుతుందా?

ఈ విషయం మీద ఎక్కువ పరిశోధన జరిగింది అమెరికాలో. 1968లో ఆర్థికవేత్త జాన్ కెయిన్ షికాగో, డెట్రాయిట్ నగరాల వివరాలతో ఒక వ్యాసం రాశారు. ఫ్యాక్టరీలు ఊరి బయటికి తరలిపోతున్నాయి. నల్లజాతి కుటుంబాలకు అక్కడ ఇల్లు ఇచ్చేవారు లేక నగరం మధ్యనే ఉండిపోతున్నాయి. పని ఒకచోట, పనివాళ్లు ఇంకోచోట. నిరుద్యోగానికి ఈ దూరం కూడా ఒక కారణమన్నది ఆయన వాదన. అక్కడినుంచి ‘ఆ దూరం తగ్గించేది కారే కదా’ అన్న ప్రశ్న పుట్టింది.

2014లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురించిన ఒక అధ్యయనం ఈ ప్రశ్ననే పట్టుకుంది. ప్రభుత్వ గృహ వోచర్లు అందుకున్న పేద కుటుంబాలను పరిశీలిస్తే, కారున్నవాళ్లకు పని దొరికే అవకాశం రెండింతలుగా, ఆ పని నిలిచే అవకాశం నాలుగింతలుగా కనిపించింది. అయితే కారు కొనగలిగిన కుటుంబానికి ముందే కాస్త చేతిలో డబ్బో, ఆరోగ్యమో, పలుకుబడో ఉండి ఉండొచ్చు. అంతా కారు మహిమే అనుకుంటే పొరపాటు.

ఆఫ్రికాలో జరిగిన ప్రయోగం మన పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉంటుంది. ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో ఉద్యోగ ప్రకటనల బోర్డులు నగరం నడిబొడ్డున ఉంటాయి. శివార్లలోని నిరుద్యోగ యువత అక్కడికి వెళ్లిరావడానికి సైమన్ ఫ్రాంక్లిన్ అనే పరిశోధకుడు చార్జీలు ఇప్పించి చూశారు. కార్లు కాదు, బస్సు చార్జీలే. చార్జీలు అందినవాళ్లు ఎక్కువగా వెతికారు, పర్మనెంటు ఉద్యోగాలు తొందరగా సంపాదించుకున్నారు. ఈ ఫలితం 2018లో వెలువడింది. అదే నగరంలో జరిగిన మరో అధ్యయనం ఇలాంటి యువతను దీర్ఘకాలం గమనించింది. కొన్నేళ్లకు చార్జీల ప్రభావం పలచబడిపోయిందని తేలింది. దరఖాస్తు ఎలా రాయాలో, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నేర్పిన శిక్షణ ఫలితం మాత్రం నిలిచింది.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి స్పష్టమవుతుంది. ఉద్యోగం వెతికే మనిషికి కావాల్సింది పని ఉన్నచోటికి చేరగలగడం. బస్సు వెళ్లనిచోట కారుకు విలువ ఉంది. బస్సు వెళ్లేచోట ఆ డబ్బుతో చేయగలిగిన మేలైన పనులు చాలా ఉన్నాయి.

హైదరాబాద్ దూరాలు

మన దగ్గర కారన్నది ఇప్పటికీ కొద్దిమంది దగ్గరే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో కారున్న ఇళ్లు నూటికి ఎనిమిది లోపే. బైకో స్కూటరో ఉన్న ఇళ్లు దాదాపు సగం. అంటే కారు లేకుండానే ఉద్యోగాలు వెతుక్కుని, చేసుకుని బతికేవాళ్లే మనలో అత్యధికులు.

హైదరాబాద్ మెట్రో 69 కిలోమీటర్లు. 2025 మేలో చార్జీలు పెంచాక కూడా గరిష్ఠ టికెట్టు 69 రూపాయలే. ఎల్బీనగర్‌లో ఉండే మనిషి హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి పోవాలంటే అమీర్‌పేటలో రైలు మారాలి. పోనూ రానూ ఎంత లెక్కేసినా 138 రూపాయలు దాటదు. అదే కారులో రానూపోనూ అరవై కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో లీటరుకు పదిహేను కిలోమీటర్లు వస్తుందనుకుంటే నాలుగు లీటర్లు. 2025లో హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయల పైనే ఉంది కాబట్టి పెట్రోలుకే 430 రూపాయలు. పార్కింగు దీనికి అదనం. మహిళలకైతే 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి కింద ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితం. ఉద్యోగం పోయిన మహిళకు ఇది ఏ కారూ ఇవ్వలేని వెసులుబాటు.

మరి మెట్రో చేరని చోట్ల సంగతేమిటి? కోకాపేటలో కొత్త టవర్లు లేచాయి, మెట్రో రాలేదు. ఆదిబట్ల, పాశమైలారం, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ, అటు విశాఖ నుంచి అచ్యుతాపురం, తిరుపతి జిల్లాలో శ్రీసిటీ, ఇలాంటి చోట్ల పని షిఫ్టుల్లో నడుస్తుంది. రాత్రి పదికి షిఫ్టు దిగిన మనిషికి ఆ వేళ సిటీ బస్సు దొరకడం కష్టం. పెద్ద కంపెనీలైతే సొంత బస్సులు నడుపుతాయి. చిన్న కంపెనీలూ, కాంట్రాక్టరు కింద దొరికే పనులూ ఆ ఏర్పాటు చూడవు. ఇక్కడ సొంత వాహనం నిజంగానే ఉద్యోగానికి తలుపు తీస్తుంది. అయితే ఆ వాహనం కారే కానక్కర్లేదు. ఒక్క మనిషి, ఇరవై ముప్పై కిలోమీటర్లు అన్న లెక్కలో చాలామందికి సెకండ్ హ్యాండ్ బైకు సరిపోతుంది. రాత్రివేళ ఒంటరిగా ఇంటికి రావాల్సిన మహిళకో, నడుంనొప్పి ఉన్న యాభై ఏళ్ల మనిషికో, నడవలేని తల్లిని వెంట తిప్పాల్సిన కొడుక్కో ఆ సలహా చెల్లదు.

కిస్తీ నడుస్తున్న కారు

అన్నిటికంటే చిక్కు ముడి ఇదే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎక్స్ షోరూమ్ ధర ఐదున్నర లక్షలున్న చిన్న కారు. ఐదు లక్షల లోన్, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. నెలకు కిస్తీ దాదాపు 10,500 రూపాయలు. సరిగ్గా రెండేళ్లు కట్టాక ఉద్యోగం పోయిందనుకుందాం. అప్పటికి బ్యాంకుకు కట్టాల్సిన అసలు దాదాపు 3.28 లక్షలు.

కారు విలువెంత? బీమా కంపెనీలు ఐడీవీ, అంటే బీమాకు లెక్కించే కారు విలువ, కట్టేటప్పుడు వాడే తరుగుదల పట్టిక ఉంది. ఆరు నెలలు దాటి ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం. మార్కెట్ ధర అటూ ఇటూ ఉన్నా అంచనాకి ఇది పనికొస్తుంది. ఆ లెక్కన రెండేళ్లు దాటిన మన కారు 3.85 లక్షలు. ఇప్పుడే అమ్మితే లోన్ తీరి దాదాపు 57,000 చేతిలో మిగలాలి. ముందస్తు ముగింపు చార్జీ పోతే ఇంకాస్త తగ్గుతుంది. కారు లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ వడ్డీవి కాబట్టి ఆ చార్జీ ఉంటుందనే అనుకోవాలి.

అమ్మకుండా ఇంకో ఏడాది నడిపితే 1.26 లక్షలు కిస్తీల కింద పోతాయి. బాకీ 2.29 లక్షలకు దిగుతుంది, కారు విలువ 3.3 లక్షలకు దిగుతుంది. అమ్మితే దాదాపు 1.01 లక్షలు మిగులుతాయి. అంటే 1.26 లక్షలు కట్టినందుకు మన చేతికి పెరిగింది 44,000 మాత్రమే. మిగిలిన 82,000 కారు పార్కింగ్‌లో నిలబడి ఉన్నందుకు అయిన ఖర్చు. నెలకు 6,800. పెట్రోలు, బీమా, సర్వీసింగు ఇందులో లేవు.

కొన్నప్పుడు కట్టిన లైఫ్ ట్యాక్సు సంగతి వేరు. తెలంగాణలో ఐదు నుంచి పది లక్షల మధ్య కార్లకు అది 14 శాతం. మన ఉదాహరణలో 77,000 రూపాయలు. అమ్మేటప్పుడు దానికి విడిగా విలువ కట్టే కొనుగోలుదారు ఉండడు. ఆన్‌రోడ్ ధర మొత్తానికీ ఏడేళ్ల లోన్ తీసుకున్నవాళ్లు మొదటి రెండు మూడేళ్లలో కారు అమ్మినా బాకీ తీరని స్థితిలో ఉంటారు. వాళ్లకి ఈ లెక్క ఇంకా కఠినం.

అందుకే కిస్తీ ఉన్న కారు విషయంలో కాలమే ముఖ్యం. చేతిలో ఆరు నెలల ఇంటి ఖర్చు ఉండి, ఆ పైన కిస్తీకి కూడా డబ్బుంటే ఆగి చూడొచ్చు. లేకపోతే మొదటి కిస్తీ తప్పకముందే అమ్మకం మొదలుపెట్టడం మంచిది. తప్పాక అమ్మడం వేరు, తప్పకముందు అమ్మడం వేరు. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే బ్యాంకు చార్జీ పడుతుంది. చెక్కు బౌన్సుతో సమానంగా దాన్నీ నేరంగా చూసే నిబంధన 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలోని 25వ సెక్షన్‌లో ఉంది. 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీల్లో చేరుతుంది. అక్కడినుంచి కారు ఎప్పుడు, ఎంతకు అమ్ముడుపోతుందన్నది మన చేతిలో ఉండదు.

దీని దెబ్బ తర్వాతి ఉద్యోగం మీదా పడొచ్చు. సిబిల్ రికార్డు బాగాలేదని ఒక అభ్యర్థి నియామకాన్ని స్టేట్ బ్యాంక్ రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు బ్యాంకు నిర్ణయాన్నే సమర్థించింది. బ్యాంకు ఉద్యోగాలకు చదువుతున్న వేలాది తెలుగు యువతీ యువకులు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి. కారు కిస్తీ తప్పడమంటే కారు పోవడంతో ఆగేది కాదు.

వసూలుకు వచ్చేవాళ్లకు హద్దులున్నాయని తెలిసి ఉండటం కూడా అవసరం. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత రికవరీ ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో మళ్లీ స్పష్టం చేసింది. కండబలంతో బండ్లు లాక్కుపోవడాన్ని 2007లోనే సుప్రీంకోర్టు ఐసీఐసీఐ బ్యాంకు, ప్రకాశ్ కౌర్ కేసులో తప్పుపట్టింది. ఆలస్యానికి వేసే జరిమానాను వడ్డీలో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ వేయకూడదన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం పోయిన వారంలోనే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, గడువు పెంచి కిస్తీ తగ్గించమని అడగొచ్చు. ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకున్నా మొత్తం వడ్డీ పెరుగుతుంది. 2020లో కోవిడ్ మారటోరియం (కిస్తీల వాయిదా) తీసుకున్నవాళ్లకి ఇది అనుభవమే.

అప్పు లేని పాత కారు

ఇక్కడ లెక్క తారుమారవుతుంది. వెయ్యి సీసీ లోపు ఇంజను, పదేళ్ల వయసు, లోన్ ఎప్పుడో తీరిన కారు. 2022 జూన్‌లో కేంద్రం నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, జీఎస్టీతో 2,471. నెలకు రెండొందల కిలోమీటర్లు నడిపితే పెట్రోలుకు 1,430. ఏడాదికి ఆరు వేలు సర్వీసింగుకు పక్కన పెడితే నెలకు ఐదొందలు. అన్నీ కలిపి రెండు వేల రెండొందల లోపు. అమ్మితే వచ్చేది కూడా పెద్ద మొత్తం కాదు. ఇంట్లో ముసలివాళ్లో, ఆస్పత్రి అవసరమో ఉంటే ఈ కారును ఉంచుకోవడమే మేలు.

కానీ ఉంచుకోవడమంటే కవరు కప్పి మరిచిపోవడం కాదు. నాలుగు నెలలు కదలని కారును సెల్లారులో ఒకసారి చూస్తే అర్థమవుతుంది. తాళం తిప్పితే టిక్ టిక్‌మని శబ్దమే తప్ప ఇంజను లేవదు, బ్యాటరీ దిగిపోయి ఉంటుంది. టైర్లలో గాలి తగ్గి నేలకు ఆనినచోట చదునవుతాయి. బ్రేకు డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర కడుతుంది. బానెట్ ఎత్తితే ఎలుకలు కొరికిన వైర్లు కనిపిస్తాయి, ఆ రిపేరు ఒక్కటే నెలల పెట్రోలు పొదుపును మింగేస్తుంది. వారానికోసారి అరగంట రోడ్డు మీద నడపడం, ఏ కూరగాయల మార్కెట్‌కో ఆ రోజు వెళ్లిరావడం, ఈ నష్టాన్ని చాలావరకు ఆపుతాయి.

డబ్బు లేదని బీమా వదిలేయడం మాత్రం కూడదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. లేకుండా దొరికితే మొదటిసారి రెండు వేలు, రెండోసారి నాలుగు వేలు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. జరిమానా సంగతి అటుంచినా, బీమా లేని కారు ఒక మనిషిని గుద్దితే ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది. జీతం లేని ఇంటికి దాన్ని తట్టుకునే శక్తి ఉండదు. ఫుల్ ఇన్సూరెన్సు బరువనిపిస్తే థర్డ్ పార్టీకి మారొచ్చు. లేదంటే 2022 నుంచి అనుమతించిన, నడిపిన కిలోమీటర్లను బట్టి ప్రీమియం కట్టే పద్ధతి అడగొచ్చు. పాలసీ గడువు ముగిశాక 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఐదేళ్లు క్లెయిము లేకుండా నడిపినవాళ్లకి ఆ బోనస్ 50 శాతం దాకా ఉంటుంది.

వెతుకులాట కోసం కొత్తగా కొనడం

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. ప్రకటనలు చూస్తే ఇదే సమయమనిపిస్తుంది. ఉద్యోగం లేని మనిషికి మాత్రం ధర తగ్గడం కొనడానికి కారణం కాజాలదు. ముందు లోనే రాదు, బ్యాంకులు జీతం స్లిప్పులు అడుగుతాయి. తండ్రి పేరనో, భార్య జీతం మీదనో తీసుకుంటే ఇంట్లో మిగిలిన ఒక్క ఆదాయానికీ బరువు కట్టినట్టే. చేతికొచ్చిన సెటిల్‌మెంట్ డబ్బుతో కొంటే ఆరు నెలల బియ్యం, అద్దె ఒక యంత్రంలో ఇరుక్కుపోయినట్టే.

ఇప్పుడు చాలా ఇంటర్వ్యూల మొదటి రౌండు ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. మిగిలిన రౌండ్లకు ఆటోలో వెళ్లినా, క్యాబ్‌లో వెళ్లినా కారు ఖర్చులో చిన్న పాలు. కాబట్టి వెతకడం కోసం కారు కొనడానికి గట్టి కారణం దొరకదు. చేతిలో ఆఫర్ లెటర్ ఉండి, ఆ పనిచోటు బస్సుకు అందనిదై, రోజూ వెళ్లక తప్పనిదైతే అప్పుడు ఆలోచించొచ్చు. అదీ అప్పు లేకుండా, తెలిసిన మెకానిక్‌తో చూపించి, సింగిల్ ఓనర్ చేతిలోంచి నేరుగా కొనే పాత చిన్న కారైతేనే. మనిషి దగ్గర మనిషి కొంటే జీఎస్టీ ఉండదు. పాత కార్ల డీలర్లు తమ లాభం మీద 18 శాతం కట్టాలి, అది ధరలో కలిసే వస్తుంది.

కారునే ఉపాధి చేసుకుంటే?

ప్రభుత్వాలే ఈ దారి చూపించాయి. హైదరాబాద్‌లో 2015–16 ప్రాంతంలో జీహెచ్‌ఎంసీ ‘డ్రైవర్ కమ్ ఓనర్’ పథకం కింద నిరుద్యోగ యువకులకు కార్లు ఇప్పించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 జనవరిలో బ్రాహ్మణ కార్పొరేషన్ ద్వారా స్విఫ్ట్ డిజైర్ కార్లు పంచారు. సొంత కారు, సొంత సంపాదన అన్న ఆలోచన మంచిదే. కష్టం వచ్చింది ఆదాయం దగ్గర. ఓలా, ఉబర్ మొదట్లో ప్రోత్సాహకాలు బాగా ఇచ్చాయి. వాటిని నమ్మి కిస్తీలు లెక్కేసుకున్నవాళ్లు అవి తగ్గేసరికి ఇరుక్కున్నారు. 2017 జనవరి మొదటి వారంలో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు సమ్మెకు దిగింది ఇందుకే. 2024 వేసవిలో ఏసీ వేయబోమని, 2025 మార్చిలో ఎయిర్‌పోర్టు ట్రిప్పులు తీసుకోబోమని చేసిన ఆందోళనలకూ కారణం గిట్టుబాటు కాని రేట్లే.

చట్టం వైపు కొంత ఊరట ఉంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపడానికి తేలికపాటి వాహనాల మామూలు లైసెన్సు (ఎల్‌ఎంవీ) చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. సొంత కారు నడిపే డ్రైవరుకు చార్జీలో కనీసం 80 శాతం దక్కాలని, ఐదు లక్షల ఆరోగ్య బీమా, పది లక్షల టర్మ్ బీమా ఉండాలని కేంద్రం 2025 జూలై మార్గదర్శకాల్లో చెప్పింది. రాష్ట్రాలు తీసుకుంటేనే అవి అమలవుతాయి. ఆంధ్రప్రదేశ్ 2025 అక్టోబరు 4న ఆటో, క్యాబ్ డ్రైవర్లు దాదాపు 2.9 లక్షల మందికి తలా 15,000 రూపాయలు ఇచ్చింది.

ఇంట్లో ఉన్న వైట్ ప్లేట్ (ప్రైవేటు) కారును ఊరికే ఉండనివ్వడమెందుకని కిరాయికి తిప్పేవాళ్లున్నారు. ఇది ప్రమాదకరం. పర్మిట్ లేకుండా కిరాయికి నడిపితే మొదటి తప్పుకే పది వేల జరిమానా, జైలు శిక్ష కూడా పడొచ్చు. అంతకంటే పెద్ద దెబ్బ బీమాది. ప్రైవేటు కారు పాలసీలో కిరాయి వాడకం ఉండదు, ప్రమాదం జరిగితే కంపెనీ చేతులెత్తేస్తుంది. ఎల్లో ప్లేట్‌కు (టాక్సీగా) మారితే ఖర్చులూ మారతాయి. 1,200 సీసీ డిజైర్‌కు ప్రైవేటుగా థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు. టాక్సీగా 7,940కి తోడు ఒక్కో ప్యాసింజరు సీటుకు 978 చొప్పున, నాలుగు సీట్లకు దాదాపు 11,850. ఫిట్‌నెస్, పర్మిట్ అదనం. అప్పు లేని కారుండి, రోజుకు పది పన్నెండు గంటలు నడపగల ఓపిక ఉంటే క్యాబ్ కొన్నాళ్లు ఇల్లు నడుపుతుంది. లోన్ మీద కొత్త కారు తీసి క్యాబ్‌లో పెట్టడం మాత్రం ఉద్యోగం పోయిన మనిషి వేసుకోదగ్గ పందెం కాదు. పైగా రోజంతా స్టీరింగ్ మీదుంటే సొంత రంగంలో మళ్లీ ఉద్యోగం వెతుక్కునే టైము మిగలదు.

అమ్మేటప్పుడు

మన ఇళ్లలో కారు అమ్మడానికి అడ్డం వచ్చేది చాలాసార్లు లెక్క కాదు, సిగ్గు. ‘కారమ్మేశారట’ అన్న మాట అపార్టుమెంట్లో, చుట్టాల్లో పాకుతుందన్న భయం. ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే ఆ భయం రెట్టింపు. ఈ బాధ నిజమైనదే, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కానీ పైన వేసిన లెక్క ప్రకారం ఆ సిగ్గు ఖరీదు నెలకు ఏడు వేల దాకా ఉంది. ఆ డబ్బు పిల్లవాడి స్కూలు ఫీజో, కొత్త కోర్సు ఫీజో కాగలదు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ అంకెలు కాగితం మీద చూస్తే నిర్ణయం ఒక్కడి ఓటమిలా ఉండదు, ఇంటి నిర్ణయమవుతుంది.

అమ్మితే పూర్తిగా అమ్మాలి. లోన్ తీరాక బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీ మీద హైపోతికేషన్ తీయించాలి. యాజమాన్యం మార్చే ఫారం 29, ఫారం 30 మీద ఊరికే సంతకాలు పెట్టి కన్సల్టెన్సీ వాళ్ల చేతిలో పెట్టి వచ్చేయకూడదు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన నవీన్ కుమార్ కేసు అందరూ తెలుసుకోవాల్సింది. 2007లో అమ్మిన కారు చేతులు మారుతూ పోయి 2009లో ప్రమాదం చేసింది. ఆర్‌సీలో పేరు మారలేదు కాబట్టి పరిహారం బాధ్యత మొదటి యజమాని మీదే పడింది. రిజిస్టరైన పాత కార్ల డీలరుకు ఇస్తే కారు అప్పగించినట్టు ఫారం 29సీ ఆన్‌లైన్‌లో నమోదు చేయించుకోవాలి. ఫాస్టాగ్ మూయించాలి. బీమా కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ నిలుపుదల లేఖ తీసుకోవాలి. బోనస్ మనిషిది, కారుది కాదు. మూడేళ్ల లోపు మళ్లీ కారు కొంటే ఆ తగ్గింపు వర్తిస్తుంది.

సముద్రం అవతల

అమెరికాలోని తెలుగువారికి ఈ ప్రశ్న ఇంకో రూపంలో ఎదురవుతుంది. హెచ్1బీ వీసా మీదున్నవాళ్లకి ఉద్యోగం పోయాక 60 రోజుల గడువే ఉంటుంది. ఆ లోపు మరో ఉద్యోగమో, స్టేటస్ మార్పో కావాలి, లేదా దేశం విడవాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ శివారు ఫ్రిస్కో, ఆ మహానగర రవాణా సంస్థ డార్ట్‌లో సభ్య నగరమే కాదు. కారు లేకుండా అక్కడ పాలు తెచ్చుకోవడమూ కష్టమే. కారు ఉంచుకోవడం చవకా కాదు: కొత్త కారు కొని నడపడానికి ఏడాదికి సగటున 11,577 డాలర్లు అవుతుందని అక్కడి వాహనదారుల సంఘం ఏఏఏ 2025లో లెక్కగట్టింది. అందులో అన్నిటికంటే పెద్ద ముక్క తరుగుదల. రెండు కార్లున్న ఇంట్లో ఉద్యోగం పోయిన వారంలోనే ఒకటి అమ్మేయడం, లీజు కారైతే ఒప్పందం ముందే ముగిస్తే ఎంత కట్టాలో అడిగి తెలుసుకోవడం, ఈ రెండూ ఆ అరవై రోజుల్లో మొదట చేయాల్సిన పనుల్లో ఉండాలి.

ఇంటి లెక్కతో తీరనిది

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒక ఇల్లు తన పరిధిలో చేసుకోగల పనులు. కానీ పారిశ్రామిక వాడకు షిఫ్టు వేళకు బస్సు లేకపోతే ఆ లోటు ఉద్యోగం పోయిన మనిషి జేబులోంచి పూడుతోంది. పాశమైలారానికీ, అచ్యుతాపురానికీ రాత్రి షిఫ్టుకు సరిపడా ఆర్టీసీ బస్సులు వేస్తే ఎంతోమంది కారు సంగతి తలపెట్టనే పెట్టరు. ఈఎస్ఐ కింద అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఉద్యోగం పోయినవారికి 90 రోజుల వరకు వేతనంలో సగం ఇస్తుంది. నెల జీతం 21,000 దాటినవాళ్లకి ఈఎస్ఐ వర్తించదు కాబట్టి కారు కిస్తీ కట్టే మధ్యతరగతి ఉద్యోగికి ఆ ఆసరా అందదు.

లోన్ల విషయంలో దారి చూపిన ఉదాహరణ ఉంది. 2009 జనవరిలో అమెరికా ఆర్థిక సంక్షోభంలో కూరుకుపోయిన వేళ హ్యూందాయ్ అక్కడ ఒక హామీ ఇచ్చింది. కారు కొన్న ఏడాదిలోపు ఆదాయం పోతే తిరిగి ఇచ్చేయొచ్చు, క్రెడిట్ రికార్డు చెడదు, విలువకూ బాకీకీ తేడా 7,500 డాలర్ల దాకా కంపెనీయే భరిస్తుంది. ఆ నెల మొత్తం మార్కెట్ 37 శాతం పడిపోతే హ్యూందాయ్ అమ్మకాలు 14 శాతం పెరిగాయి. తిరిగొచ్చిన కార్లు కొన్ని వందలే. మన దగ్గర కూడా ప్రతి కారు లోన్ ఒప్పందంలోనూ ఉద్యోగం పోతే మూడు నెలలు కిస్తీ ఆపుకునే వీలు, ముందస్తు ముగింపు చార్జీ లేకుండా కారు అమ్మి లోన్ తీర్చుకునే వీలు రాసి ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు ఒక్క సర్క్యులర్‌తో 2020 మార్చి 27న దేశం మొత్తానికీ మూడు నెలల మారటోరియానికి అనుమతిచ్చింది, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. రుజువు చూపించగల నిరుద్యోగికి ఆ సౌకర్యం ఎప్పుడూ అందుబాటులో ఉండేలా చేయడం ఆ పని కంటే చిన్నదే.